గెడ్డ పొంగే లెక్క

కొండ మీంచి దిగి ఏటిలోనో చెరువులోనో కలిసే చిన్న ప్రవాహాన్ని ఉత్తరాంధ్రలో గెడ్డ అంటారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనూ, 2022 ఏప్రిల్ 4న వాటి నుంచి విడివడిన పార్వతీపురం మన్యం జిల్లాలోనూ గెడ్డ దాటకుండా చేరుకోగల కొండ ఊళ్ళు తక్కువ. ఒట్టిగెడ్డ, పెద్దగెడ్డ లాంటి కొన్నిటి మీద జలాశయాలు కట్టారు కాబట్టి వాటి పేర్లు మ్యాపుల్లోకి ఎక్కాయి. మిగతావాటికి ఒడ్డున ఉన్న ఊరి పేరే పేరు. వేసవిలో వాటిలో రాళ్ళ మధ్య సన్నని ధార మాత్రమే ఉంటుంది, కొన్నిచోట్ల అదీ ఉండదు. జూన్ నుంచి నవంబరు దాకా మాత్రం ఏ రాత్రయినా పొంగవచ్చు.

ఈ పొంగు సాధారణంగా పెద్ద వార్త కాదు. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు, మూడు నాలుగు గంటలు ఆగిపోయిన బస్సు, ఇసుక మేట వేసిన రెండెకరాల మడి, కొట్టుకుపోయిన ఒక తూము. నాగావళి, వంశధార వరదలకు కొలతలున్నాయి, హెచ్చరిక స్థాయిలున్నాయి, కంట్రోల్ రూములున్నాయి. గెడ్డ వరదకు ఇవేవీ లేవు. కానీ కొండ ప్రాంతంలో వానాకాలం రాకపోకలను ఎక్కువసార్లు ఆపేది ఆ చిన్న వరదే. అది వచ్చే తీరు కూడా పెద్ద నది వరద కంటే వేరు. నది వరద ఎగువ నుంచి కబురు పంపి వస్తుంది, గెడ్డ వరద నెత్తిన పడిన వానతోనే మొదలవుతుంది.

కొండకూ కడలికీ మధ్య

తూర్పు కనుమలు ఇక్కడ సముద్రానికి బాగా దగ్గరగా వస్తాయి. ఒడిశా సరిహద్దులోని మహేంద్రగిరి ఎత్తు దాదాపు 1,500 మీటర్లు, అక్కడ పుట్టిన మహేంద్రతనయ బారువ దగ్గరే సముద్రంలో కలిసిపోతుంది. ఆండ్ర కొండల్లో మొదలైన చంపావతి కోనాడ దగ్గర, అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని భీమునిపట్నం దగ్గర కడలిని చేరతాయి. పుట్టుక నుంచి సంగమం దాకా ఇవన్నీ పొట్టి నదులు. కలహండి కొండల్లో పుట్టే నాగావళి, వంశధార వీటికంటే పొడవైనవే అయినా ఒక్కొక్కటి 250 కిలోమీటర్లకు కాస్త అటూఇటూ, అంతే. నాగావళి మొత్తం పరీవాహకం సుమారు 9,500 చదరపు కిలోమీటర్లు. ఝంఝావతి, సువర్ణముఖి, వేగావతి, గోముఖి లాంటి ఉపనదులు దాని నీటికి ఆధారం. ఆ ఉపనదులకు ఆధారం గెడ్డలు.

సాలూరు, పాచిపెంట, మక్కువ, కొమరాడ, కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సీతంపేట మండలాల్లో కొండ వాలు నిటారుగా దిగి, ఉన్నట్టుండి వరి మడుల పల్లంలోకి వస్తుంది. మధ్యలో మెల్లగా సాగే మైదానం దాదాపు లేదు. నీటి వేగాన్ని క్రమంగా తగ్గించే చోటు ఉండదు కనుక కొండ పాదంలోని మొదటి కల్వర్టు దగ్గరే దాని ధాటి తెలుస్తుంది.

ముసురు ఎలా పడుతుంది

ఏడాదికి సగటున 1,100 మిల్లీమీటర్ల పైచిలుకు వాన కురిసే ప్రాంతమిది. అందులో ఎక్కువ భాగం జూన్–సెప్టెంబరు మధ్య నైరుతి రుతుపవనాలది. అక్టోబరు, నవంబరుల్లో తుపానులూ వాయుగుండాలూ తెచ్చేది మిగతాది. ఈ వానలన్నీ ఒక తీరుగా పడవు. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నపు గాలివాన గంట కొట్టి పోతుంది, ఎండిన నేల దాన్ని తాగేస్తుంది. ముసురు అలా కాదు. పెద్దగా ఉరుములుండవు, చినుకు లావుగా ఉండదు, కానీ తెరిపి కూడా ఉండదు. రెండు రోజులు, నాలుగు రోజులు, ఒక్కోసారి వారం.

బంగాళాఖాతంలో పుట్టిన అల్పపీడనం పశ్చిమ వాయవ్యంగా కదిలి గోపాల్‌పూర్, పూరీ ప్రాంతాల్లో తీరం దాటడం వానాకాలంలో పరిపాటి. రుతుపవన అల్పపీడనాల్లో అత్యధిక వర్షం కేంద్రంలో కాక దానికి నైరుతి దిక్కున పడుతుంది. ఒడిశా తీరం మీద కేంద్రం ఉంటే నైరుతిన ఉండేవి ఈ జిల్లాలూ, వాటి ఎగువనున్న రాయగడ, గజపతి, కొరాపుట్ కొండలూ. 2024 ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటితే బుడమేరు విజయవాడను ముంచిందంటే, అంత దూరం పనిచేసింది కూడా ఈ నైరుతి లెక్కే. అందుకే తుపాను వార్తలో తీరం దాటే ఊరి పేరు ఒక్కటే చూసి ఊరట చెందడం పొరపాటు.

దీనికి కొండ తోడవుతుంది. సముద్రం మీంచి వచ్చే తేమగాలి కొండను తాకి పైకి లేస్తుంది, లేచేకొద్దీ చల్లబడుతుంది, చల్లబడినకొద్దీ తేమను వదులుతుంది. అల్పపీడనం కదలక నిలిచిపోయి తేమగాలి ఆగకుండా వీస్తూ ఉంటే, కొండ తూర్పు వాలు మీద ఈ యంత్రం రాత్రింబగళ్ళు నడుస్తూనే ఉంటుంది. మండల కేంద్రంలోని వర్షమాపకం పల్లంలో ఉంటుంది. కొండ నెత్తిన కురిసింది దాని లెక్కలోకి రాదు. ఊళ్ళో తేలికపాటి జల్లే పడుతున్నా గెడ్డ పొంగిందని ఆశ్చర్యపోవడానికి తరచూ కారణం ఇదే.

భారత వాతావరణ శాఖ ఉదయం 8:30 నుంచి మర్నాడు ఉదయం 8:30 దాకా పడిన వానను ఒక రోజు వానగా లెక్కిస్తుంది. ఆ 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు మొదలుకొని 115.5 దాకా పడితే భారీ వర్షం, 204.4 దాకా అతి భారీ వర్షం, ఆపైన అత్యంత భారీ వర్షం. నాలుగు రోజులు రోజుకు 40 మిల్లీమీటర్ల చొప్పున పడిన ముసురు ఈ పట్టికలో ఒక్కరోజు కూడా భారీ వర్షం కిందికి రాదు. అయిదో రోజు 70 మిల్లీమీటర్లు పడితే పట్టిక దాన్ని భారీ వర్షాల్లో చిన్నదిగానే చూపిస్తుంది. గెడ్డకు మాత్రం అది ఆ ఏడాదికి పెద్ద వాన కావచ్చు. ఈ తేడా ఎక్కడ పుడుతుందో తెలియాలంటే నేల లోపలికి చూడాలి.

నేల నిండాక

చినుకు నేలను తాకాక దానికి రెండు దారులు. ఇంకిపోవడం, లేదా పారడం. నేల ఇంకించుకోగల వేగానికి ఒక హద్దు ఉంటుందనీ, వాన ఆ వేగాన్ని మించినప్పుడు మిగిలింది పారుతుందనీ అమెరికన్ ఇంజనీరు రాబర్ట్ హోర్టన్ 1933లో వివరించాడు. మొదట్లో ఆ వేగం ఎక్కువ, తడిసేకొద్దీ తగ్గి ఒక స్థిరమైన విలువకు చేరుతుంది. కుంభవృష్టికి ఈ వివరణ చక్కగా సరిపోయింది. అడవి కొండల్లోని ముసురుకు సరిపోలేదు. ఆకు రాలి, వేళ్ళు చీల్చి, వానపాములు తొలిచిన అడవి నేల గంటకు పది మిల్లీమీటర్ల వానను తేలిగ్గా మింగగలదు. అయినా అక్కడి ఏళ్ళు పొంగుతూనే ఉన్నాయి.

1960ల్లో అమెరికాలోని కొవీటా అటవీ ప్రయోగక్షేత్రంలో జాన్ హ్యూలెట్, ఆ తర్వాత వెర్మాంట్ కొండల్లో థామస్ డన్ చేసిన పరిశీలనలు దీనికి జవాబు చెప్పాయి. కొండ వాలు మీద ఇంకిన నీరు అక్కడే ఉండిపోదు. మట్టి పొరల్లోంచి మెల్లగా వాలు వెంట దిగి ఏటి ఒడ్డున, లోయ అడుగున చేరుతుంది. అక్కడ నేల కింది నుంచి పైకి నిండుతూ వస్తుంది. పూర్తిగా నిండాక ఆ చోట పడిన ప్రతి చినుకూ పారాల్సిందే, వాన ఎంత సన్నదైనా సరే. ముసురు సాగినకొద్దీ ఈ నిండిన మేర ఏటి ఒడ్డు నుంచి పైకి, పక్క లోయల్లోకి పాకుతుంది. నీటిని వదిలే విస్తీర్ణం రోజురోజుకూ పెరుగుతుంది. గట్టు దాకా నిండిన వరి మడిలో మరో బిందె పోస్తే ఆ బిందెడూ కింది మడిలోకి పోయినట్టే.

ఈ కొండల మట్టి దీనికి మరింత అనువుగా ఉంటుంది. ఇక్కడి ముఖ్యమైన రాళ్ళు ఖొండలైట్, చార్నకైట్. ఖొండలైట్ తేలిగ్గా శిథిలమై ఎర్రమట్టిగా మారుతుంది. పైన గుల్ల మట్టి, దాని కింద బంకపాలు ఎక్కువున్న పొర, ఆ కింద గట్టి రాయి. పై పొరలో తొందరగా ఇంకిన నీరు బంక పొర మీద ఆగిపోయి, పక్కకు తిరిగి వాలు వెంట దిగుతుంది. రోడ్డు కోసం కొండను తొలిచిన చోట, వాన పడిన రెండో రోజో మూడో రోజో కోత గోడలోంచి ఊట కారడం ఎవరైనా చూడవచ్చు. అది పై వాలు నిండిందనడానికి సాక్ష్యం. అక్కడే మట్టి పెళ్ళలు విరిగిపడటమూ మొదలవుతుంది. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో కొండచరియలు జారి బండ్లు ఆగిపోయేది ముఖ్యంగా ఇలాంటి రోజుల్లోనే.

నేల తడి ఎంత తేడా తెస్తుందో అంకెల్లో చూపే పద్ధతి ఒకటి ఇంజనీర్లు రోజూ వాడతారు. అమెరికా మృత్తికా సంరక్షణ సంస్థ 1950ల్లో రూపొందించిన ఈ ‘కర్వ్ నంబరు’ పద్ధతిలో, గత అయిదు రోజుల వాననుబట్టి నేలను పొడి, మధ్యస్థం, తడి అని మూడు స్థితులుగా చూస్తారు. పైరు ఎదిగే కాలంలో ఆ అయిదు రోజుల్లో 36 మిల్లీమీటర్ల లోపు పడితే పొడి, 53 దాటితే తడి. మధ్యస్థ స్థితిలో కర్వ్ నంబరు 70 ఉన్న వాలును తీసుకుందాం. ఒకే రోజు 100 మిల్లీమీటర్ల వాన పడితే, పొడిగా ఉన్నప్పుడు అందులో 9 మిల్లీమీటర్లు పారుతాయి. మధ్యస్థంగా ఉన్నప్పుడు 33. తడిసి ఉన్నప్పుడు 61. కొండ అదే, వాన అదే. గెడ్డలోకి వచ్చే నీరు దాదాపు ఏడు రెట్లు. 27 చదరపు కిలోమీటర్ల గెడ్డ పరీవాహకానికి మొదటిది సుమారు రెండున్నర లక్షల ఘనపు మీటర్ల నీరు, చివరిది పదహారు లక్షల పైన.

అయిదు రోజులే ఎందుకు, ఆరో రోజు వాన లెక్కలోకి రాదా అంటే, వస్తుంది, కానీ తగ్గుతూ వస్తుంది. ఈ తరుగుదలను ‘పూర్వ వర్ష సూచిక’తో కొలుస్తారు. నిన్నటి సూచికలో పదో వంతు తీసేసి ఇవాళ్టి వాన కలపడం దాని సారం. ఆ పదో వంతు అన్నది నేలనుబట్టి, కాలాన్నిబట్టి మారుతుంది. రోజుకు 30 మిల్లీమీటర్ల చొప్పున అయిదు రోజులు పడితే సూచిక 123 దగ్గరికి చేరుతుంది. పది రోజుల కింద ఒక్కసారే 100 మిల్లీమీటర్లు కొట్టి ఆగిన వాన విలువ ఇవాళ్టికి 35 మాత్రమే మిగులుతుంది. పత్రికలకు పతాక శీర్షిక అయ్యేది ఆ వంద. గెడ్డను పొంగించేది ఈ ముప్పైల వరస.

గంటలో వచ్చే నీరు

పరీవాహకంలో అన్నిటికంటే దూరాన పడిన చినుకు వంతెన దాకా చేరడానికి పట్టే సమయం మరో కీలకమైన అంశం. పి.జెడ్. కిర్పిచ్ అనే ఇంజనీరు 1940లో టెనెసీలోని చిన్న పొలాల కొలతల నుంచి దీనికొక సూత్రం కట్టాడు. మన కొండలకు అది ఉజ్జాయింపుగానే పనికొస్తుంది, కానీ పోలికకు చాలు. ఎనిమిది కిలోమీటర్ల పొడవున్న గెడ్డ 600 మీటర్లు దిగితే ఆ సూత్రం ప్రకారం నీరు 55 నిమిషాల లోపే వంతెనను చేరుతుంది. అదే పొడవున్న కాలువ మైదానంలో ఎనిమిది మీటర్లే దిగితే నాలుగున్నర గంటలు దాటుతుంది. సంతకు వెళ్ళేటప్పుడు చీలమండ లోతున్న గెడ్డ తిరిగి వచ్చేసరికి నడుం లోతు కావడం వెనకున్న లెక్క ఇది.

చిన్న పరీవాహకం అంటే చిన్న వరదే కదా అన్న ఊహ సగమే నిజం. మద్రాసు ప్రెసిడెన్సీలో ఇంజనీరు రైవ్స్ 1884లో ఇచ్చిన సూత్రాన్ని దక్షిణాది చెరువులకూ కల్వర్టులకూ ఇప్పటికీ వాడతారు. పరీవాహక విస్తీర్ణానికి మూడింట రెండో ఘాతం కట్టి ఒక గుణకంతో హెచ్చవేస్తే గరిష్ఠ వరద వస్తుంది. తూర్పు తీరానికి 80 కిలోమీటర్ల లోపు ప్రాంతానికి గుణకం 6.8, కొండల దగ్గరి పరిమిత ప్రాంతాలకు 10.2. ఈ రెండో గుణకంతో 27 చదరపు కిలోమీటర్ల గెడ్డకు వచ్చే వరద సెకనుకు సుమారు 92 ఘనపు మీటర్లు, అంటే 3,200 క్యూసెక్కుల పైన. వెయ్యి చదరపు కిలోమీటర్ల ఉపనదికి 1,020 ఘనపు మీటర్లు. చదరపు కిలోమీటరుకు పంచి చూస్తే గెడ్డకు 3.4, ఉపనదికి 1.02. పెద్ద పరీవాహకంలో ఒక మూల కురిస్తే మరో మూల తెరిపిస్తుంది, ఒక పాయ నీరు దిగిపోయాక మరో పాయ నీరు వస్తుంది. గెడ్డకు ఆ వెసులుబాటు లేదు. ఉన్న కొండంతా ఒకేసారి తడుస్తుంది, ఉన్న నీరంతా ఒకేసారి దిగుతుంది.

రైవ్స్ లెక్కలో వాన లేదు, నేల తడి లేదు, వాలు లేదు. అనుభవం నుంచి తీసిన ఒక గుణకమే ఉంది. ఆనాటి అవసరానికి అది గొప్ప పని. ఈనాటి రోడ్డుకు దాని మీదే ఆధారపడటం మాత్రం సాహసమే.

కాజ్‌వే దగ్గర

కొండ దారుల్లో చాలాచోట్ల గెడ్డ మీద ఎత్తయిన వంతెన ఉండదు, తూములు వేసి పైన సిమెంటు పోసిన కాజ్‌వే ఉంటుంది. పొంగినప్పుడు నీరు పై నుంచి పోతుందన్న ఒప్పందంతోనే దాన్ని కడతారు. ఒప్పందం తప్పేది చెత్త వల్ల. ముసురు మూడో రోజుకు ఒడ్డు మట్టి మెత్తబడి వెదురు పొదలు, ఎండు కొమ్మలు, ఒక్కోసారి వేళ్ళతో సహా చెట్లు గెడ్డలో పడతాయి. మొదటి కొమ్మ తూముకు అడ్డం పడుతుంది, దానికి ఆకూ గడ్డీ చుట్టుకుంటాయి. అరగంటలో తూము సగం మూసుకుంటుంది. అప్పటిదాకా కింది నుంచి పోగలిగిన నీరు పైకెక్కుతుంది, లేదా పక్కనున్న మట్టికట్టను కోసుకుని కొత్త దారి తీస్తుంది. నీరు తీశాక చూస్తే కాజ్‌వే చెక్కుచెదరకుండా ఉంటుంది, దానికి రెండు వైపులా రోడ్డు ఉండదు.

పారే నీటి తోపు దాని వేగం వర్గాన్నిబట్టి పెరుగుతుంది. అర మీటరు లోతు నీటిలో నిలబడిన మనిషి కాళ్ళ మీద సెకనుకు ఒక మీటరు వేగంతో నీరు తగిలితే ఏడెనిమిది కిలోల బరువుతో నెట్టినట్టుంటుంది. వేగం రెండు మీటర్లయితే ముప్పై కిలోలు. మూడయితే డెబ్భై దగ్గరికి. మరోవైపు నీరు మనిషిని పైకి తేల్చి పాదం పట్టును తగ్గిస్తుంది, నాచు పట్టిన సిమెంటు ఆ మిగిలిన పట్టునూ తీసేస్తుంది. ద్విచక్ర వాహనం ఇంకా ఘోరం: చక్రాలు నీటికి అడ్డుగోడలవుతాయి. జ్వరపడిన మనిషిని డోలీలో మోసుకుంటూ నలుగురు గెడ్డ దాటుతున్నప్పుడు అదనపు భారం వల్ల కాళ్ళ పట్టు పెరుగుతుందని అనిపించవచ్చు. ఒకరు జారితే నలుగురూ జారతారన్నది దానికి మించిన ప్రమాదం.

నీరు మోయగల రాయి బరువు వేగం ఆరో ఘాతాన్నిబట్టి పెరుగుతుందని 19వ శతాబ్దంలోనే విలియం హాప్కిన్స్ లెక్కగట్టాడు. వేగం రెట్టింపయితే 64 రెట్ల బరువున్న రాయి కదులుతుంది. రాత్రి పూట గెడ్డలోంచి నీటి హోరుతో పాటు మొద్దుబారిన దబదబ శబ్దం వినిపిస్తే అది అడుగున బండలు దొర్లుతున్న చప్పుడు. మైదానంలోకి రాగానే వేగం సగమైతే ఆ మోత శక్తి అరవై నాలుగో వంతుకు పడిపోతుంది. రాళ్ళు కొండ పాదంలోనే ఆగుతాయి, ఇసుక మడుల్లో పరుచుకుంటుంది, ఒండ్రు చెరువుల దాకా పోతుంది. నాట్లు వేసిన మడిలో నాలుగైదు రోజులు నిలిచిన నీటికంటే ఒక్క గంటలో మేట వేసిన అడుగు ఇసుక రైతుకు ఎక్కువ నష్టం. నీటిని రెండు వారాల దాకా తట్టుకునే స్వర్ణ-సబ్1 లాంటి వరి రకాలు వచ్చాయి. ఇసుకను తట్టుకునే రకం రాదు.

గెడ్డ నీటిని పట్టుకునే చెరువులు ఈ జిల్లాల్లో గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు అలుగు పారిన నీరు కింది చెరువుకు, అక్కడి నుంచి మరో దానికి. మామూలు వానలకు ఇది వరదను విడతలుగా తగ్గించే చక్కటి ఏర్పాటు. ముసురు పట్టిన వారానికి అన్నీ నిండి ఉంటాయి కనుక ఆ గుణం పోతుంది. కట్ట నానిపోయి, అలుగు ముందు తూటికాడ పెరిగి, పై చెరువుకు గండి పడితే ఆ నీరంతా ఒక్కసారిగా కింది కట్ట మీదికి వస్తుంది. గెడ్డ ఒడ్డు ఊళ్ళను ముంచిన నీరు గెడ్డది కాక చెరువుది కావడం అరుదేమీ కాదు.

జరిగినవి

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఉత్తర శ్రీకాకుళం అప్పటికే తడిసిపోయింది. పది రోజులు తిరక్కుండానే పేరు లేని ఒక అల్పపీడనం కోస్తా ఆంధ్ర, దక్షిణ ఒడిశాల మీద రోజుల తరబడి వాన కురిపించింది. గాలి లేదు, హడావిడి లేదు. కోతకు వచ్చిన వరి, రోడ్లు, ఇచ్ఛాపురం వైపు బహుదా ఒడ్డు ఊళ్ళు నీటి పాలయ్యాయి. పేరున్న తుపాను కంటే దాని వెనకే వచ్చిన పేరు లేని ముసురు ఎక్కువ నీటిని పారించగలదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఈ ప్రాంతంలో దొరకదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ వేరే రకం. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను గాలి పడగొట్టింది, ఆ వెంటనే మహేంద్రగిరి కొండల మీద కుండపోత మహేంద్రతనయనూ వంశధారనూ పొంగించింది. ఎగువన గజపతి జిల్లాలో బరఘర గ్రామం దగ్గర కొండచరియ విరిగి, వానకు తలదాచుకున్న వారి మీద పడింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటినప్పుడు గాలి అంత తీవ్రం కాదు, ఆ రాత్రీ మర్నాడూ పడిన వాన మాత్రం మూడు ఉత్తరాంధ్ర జిల్లాల గెడ్డలనూ రోడ్ల మీదికి తెచ్చింది.

ఎగువన ఒడిశాలో 2017 జులై 16న జరిగినదానికి తుపానుతో సంబంధమే లేదు. రాయగడ జిల్లాలో నాగావళి ఉపనది కల్యాణి ఆకస్మికంగా పొంగి, తెరువలి–సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెనను కూల్చింది. విజయనగరం–రాయపూర్ మార్గంలో రైళ్ళు వారాల తరబడి దారి మళ్ళాయి. మ్యాపులో వెతికితే గాని కనిపించని ఏరు అది.

ఇలాంటివి కొండలున్న ప్రతి చోటా ఉన్నాయి. 2009 నవంబరులో ఇంగ్లండులోని కంబ్రియా కొండల్లో సీత్‌వెయిట్ దగ్గర 24 గంటల్లో 316.4 మిల్లీమీటర్లు కురిసింది. అప్పటికే ఆ నెలంతా వానలతో నేల నిండి ఉంది. కాకర్‌మత్ పట్టణం మునిగింది, వంతెనలు కూలాయి. సముద్రపు తేమగాలి, అడ్డంగా కొండలు, ముందే తడిసిన నేల అన్న మూడూ అక్కడా ఉన్నాయి.

అడవి, పోడు, రోడ్డు

కొండ మీద అడవి నరికినందుకే గెడ్డలు పొంగుతున్నాయన్న మాట తరచూ వినిపిస్తుంది. ఇందులో నిజం ఎంతో జాగ్రత్తగా చెప్పాలి. అడవి నేల మొదటి రెండు రోజుల వానను ఎక్కువగా ఇంకిస్తుంది, మట్టిని పట్టి ఉంచుతుంది, కాబట్టి చిన్న, మధ్యస్థ వరదలు తగ్గుతాయి. నేల పూర్తిగా నిండాక అడవికీ బోడికొండకూ నీటి పరిమాణంలో తేడా తగ్గిపోతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, అంతర్జాతీయ అటవీ పరిశోధన కేంద్రం కలిసి 2005లో వెలువరించిన సమీక్ష పెద్ద వరదలను అడవులు ఆపుతాయన్న నమ్మకానికి ఆధారాలు చాలవని చెప్పింది. ఈ వ్యాసం చర్చిస్తున్నది చిన్న వరదలను గనుక ఇక్కడ అడవికి విలువ ఉంది. మట్టి విషయంలో మరీ ఉంది.

ఇక పోడు. సవరలు, జాతాపులు తరాలుగా చేసిన పోడులో కొండను కొన్నేళ్ళు బీడు పెట్టేవారు, ఆ బీడులో నేల కోలుకునేది. బీడు కాలం తగ్గినచోట వాలు బోడిగా ఉండిపోతుంది. జీడిమామిడి లాంటి తోటలు వేసినచోట కాస్త నయం. నిజానికి నీటి దారిని పోడు కంటే ఎక్కువగా మార్చింది కొండ రోడ్డు. వాలుకు అడ్డంగా తొలిచిన రోడ్డు మట్టిలోపల మెల్లగా దిగే నీటిని అడ్డగించి పక్క కాలువలో పోస్తుంది. రోజంతా దిగాల్సిన నీరు గంటలో గెడ్డను చేరుతుంది. రోడ్డు వద్దని ఎవరూ అనలేరు, డోలీ మోత తప్పించేది అదే కనుక. ప్రతి మలుపు దగ్గరా నీరు దాటడానికి తూము పెట్టడం, ఆ తూము సైజును గెడ్డ లెక్కనుబట్టి నిర్ణయించడం మాత్రం ఇంజనీరు చేతిలో ఉన్న పని.

ముందుగా తెలుసుకోవడం

పెద్ద నదుల వరదను ఎగువ నీటిమట్టం చూసి చెబుతారు. కాశీనగర్ దగ్గర వంశధార ఎంత పెరిగిందో తెలిస్తే గొట్టా బ్యారేజీకి ఎప్పుడు ఎంత వస్తుందో అంచనా కట్టవచ్చు. గెడ్డకు ఎగువన కొలిచే చోటు లేదు, ఉన్నా కబురు నీటి కంటే ముందు రాదు. కాబట్టి వాననే చూడాలి, దానికంటే ముందు నేల తడిని చూడాలి. 2020 అక్టోబరు 23న భారత వాతావరణ శాఖ ప్రారంభించిన దక్షిణాసియా ఆకస్మిక వరద మార్గదర్శక వ్యవస్థ చేసేది ఇదే. భారత్, బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్, శ్రీలంకలను నాలుగు కిలోమీటర్ల స్థాయి చిన్న పరీవాహకాలుగా విడగొట్టి, ఒక్కొక్కదానిలో నేల ఎంత నిండిందో అంచనా వేసి, ఇంకెంత వాన పడితే ఒడ్డు దాటుతుందో లెక్కిస్తుంది. రాబోయే ఆరు గంటలకు ముప్పునూ, 24 గంటలకు అవకాశాన్నీ చెబుతుంది. విశాఖపట్నంలోని డాప్లర్ రాడార్ కొండల మీది మేఘాలను చూడగలదు, అయితే వెనక లోయల్లో కింది స్థాయి వానను కొండలే దాని కంటికి కనబడనివ్వవు.

ఊళ్ళో వాళ్ళు చూసుకునే గుర్తులకు ఈ లెక్కలతో పొంతన బాగానే కుదురుతుంది. తేటగా పారుతున్న నీరు ఉన్నట్టుండి ఎర్రబడిందంటే ఎగువన కొత్త మట్టి కోసుకుంటోందని. ఆకులూ పుల్లలూ తెట్టుగా వస్తున్నాయంటే నీరు అప్పటిదాకా తాకని ఎత్తు ఒడ్డును తాకిందని, అంటే మట్టం పెరుగుతోందని. కోత గోడల్లో ఊట కారుతుంటే వాలు నిండిందని. అన్నిటికంటే మోసపు గుర్తు, వాన పడుతూనే ఉన్నా గెడ్డలో నీరు హఠాత్తుగా తగ్గడం. ఎగువన కొండచరియో చెట్ల కుప్పో అడ్డం పడి నీరు ఆగి ఉండవచ్చు. ఆ అడ్డు తెగినప్పుడు వచ్చే నీరు ఏ సూత్రానికీ అందదు.

ఎర్రనీరు దిగాక

వాన ఆగిన నాలుగైదు గంటలకు గెడ్డ రోడ్డు దిగుతుంది. పెరగడానికి గంట పట్టిన నీరు తగ్గడానికి రోజు తీసుకుంటుంది, ఎందుకంటే చివర్లో వచ్చేది పై నుంచి పారిన నీరు కాదు, వాలు మట్టిలోంచి జారే నీరు. మొదటి రోజు ఎరుపు, రెండో రోజు బూడిద రంగు, మూడో రోజుకు తేట. ఈ రెండు మూడు రోజుల్లో ఊటబావుల్లోకి, చెలమల్లోకి చేరే మురుగు వల్ల విరేచనాలు వ్యాపిస్తాయి. అందుకే నీరు తీసిన ఊళ్ళలో ఆరోగ్య కార్యకర్తలు మొదట చేసే పని క్లోరిన్ కలపడం. మరో వారానికి గుంటల్లో నిలిచిన నీటిలో దోమలు పెరుగుతాయి, ఏజెన్సీ మలేరియాకు అవి తోడవుతాయి.

లోపలికి ఇంకిన నీటి ప్రయాణం మాత్రం ఇంకా పూర్తి కాదు. శిథిలమైన ఖొండలైట్ పొరల్లో నిలిచి నెలల తరబడి ఊటగా బయటికి వస్తుంది. కొండవాలు పల్లెల్లో పైన ఊటకు చిన్న తొట్టి కట్టి, గొట్టం ద్వారా ఊళ్ళోకి నీరు దించే గ్రావిటీ పథకాలకు మూలం ఆ నీరే. ఊటకు ఎగువనున్న వాలు ఎంత ఇంకించుకుంటే ఆ గొట్టం ఎండాకాలంలోకి అంత దూరం పారుతుంది. ఫిబ్రవరికే ఎండే పథకాలు, మే దాకా పారే పథకాలు పక్కపక్క లోయల్లోనే కనిపించవచ్చు, ఒకే ముసురు తడిపినవే అయినా.